సుంకం కట్టేది పరాయి దేశం కాదు

వాణిజ్య లోటు లెక్కలు బయటికొచ్చిన ప్రతిసారీ, ఏ దేశంలో చూసినా ఒకటే తంతు. ఎగుమతులు పెరిగితే ప్రభుత్వం భుజాలు చరుచుకుంటుంది, దిగుమతులు పెరిగితే ప్రతిపక్షం గుండెలు బాదుకుంటుంది. ఫలానా దేశం మనకి ఇంత అమ్మింది, మనం వాళ్ళకి అంతకన్నా తక్కువ అమ్మాం, కాబట్టి మనం మోసపోయాం అన్నట్టు చర్చ నడుస్తుంది. వాళ్ళ సరుకు మీద సుంకం వెయ్యాలని ఒకాయన అంటాడు. చాలదు, రెట్టింపు వెయ్యాలని ఇంకొకాయన అంటాడు. ఆ సుంకం కట్టేది ఎవరని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

నేను స్వేచ్ఛా వాణిజ్యం వైపు మనిషిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. కానీ నా వైపు వాళ్ళు సాధారణంగా చెప్పే కారణాలు వింటుంటే నాకు చిరాకేస్తుంది. 'సుంకాలు తగ్గిస్తే ఎగుమతులు పెరుగుతాయి, ఉద్యోగాలొస్తాయి' అంటారు. ఎగుమతి అంటే గెలుపు, దిగుమతి అంటే ఓటమి అని అవతలివాళ్ళు అన్నమాటే ఇందులోనూ ఉంది. అది ఒప్పేసుకున్నాక ఇక వాదించడానికి ఏం మిగిలింది? హ్యూమ్, స్మిత్, రికార్డో, మిల్ లాంటి పాతకాలపు ఆర్థికవేత్తలు ఇలా చెప్పలేదు. వాళ్ళ లెక్కలో విదేశీ వ్యాపారం వల్ల దేశానికి నేరుగా వచ్చే లాభం దిగుమతే. ఎగుమతి దానికోసం మనం ఇచ్చుకునే ధర. జాన్ స్టువర్ట్ మిల్ ఈ మాట ఏ మొహమాటం లేకుండా రాశాడు.

వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న ఇంకో సంగతి నాకు ఇంతకన్నా ముఖ్యం. సుంకం పైకి రెండు దేశాల మధ్య గొడవలా కనిపిస్తుంది. డబ్బు చేతులు మారేది మాత్రం ఎక్కువగా ఒకే దేశం లోపల, ఒక వర్గం జేబులోంచి ఇంకో వర్గం జేబులోకి.

వీళ్ళందరి కంటే ముందు రాజ్యమేలిన ఆలోచన వేరు. బంగారం, వెండి ఎంత పోగుపడితే దేశం అంత గొప్పది. కాబట్టి ఏటా విదేశీయుల దగ్గర కొనేదానికన్నా వాళ్ళకి అమ్మేది ఎక్కువ ఉండాలి. థామస్ మన్ అనే ఆంగ్ల వ్యాపారి ఈ సూత్రాన్ని పుస్తకంగా రాస్తే, ఆయన పోయిన తర్వాత 1664లో అచ్చయింది. ఆయన ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు కావడం ఇందులో తమాషా. ఆ కంపెనీ ఆసియా సరుకు కొనడానికి ఓడల నిండా వెండి పట్టుకెళ్ళేది, దాన్ని సమర్థించుకోడానికి ఆయన నానా తంటాలు పడ్డాడు. 1752లో డేవిడ్ హ్యూమ్ ఈ ఆలోచన మీద గట్టి దెబ్బ కొట్టాడు. బ్రిటన్‌లో ఉన్న డబ్బులో ఐదింట నాలుగు వంతులు రాత్రికి రాత్రి మాయమైందనుకోండి, ఏమవుతుంది? ధరలు, కూలీలు పడిపోతాయి. అక్కడి సరుకు అందరికన్నా చవకవుతుంది. బయటివాళ్ళు ఎగబడి కొంటారు, పోయిన డబ్బు మళ్ళీ వచ్చి చేరుతుంది. డబ్బు అమాంతం ఐదింతలు పెరిగితే ఇదంతా తిరగబడుతుంది. అంటే లోటు, మిగులు అనేవి ఎప్పటికీ కూడబెట్టుకునే ఆస్తులు కావు. ఇప్పుడు బంగారు నాణేలు లేవు, మారకపు రేట్లు ఉన్నాయి, పెట్టుబడులు సరిహద్దులు దాటుతున్నాయి. అందుకని హ్యూమ్ చెప్పింది ఉన్నదున్నట్టు ఇప్పటికి అతకదు. అయినా లోటు చూసి బెంబేలెత్తిపోయేవాళ్ళకి మందు ఇప్పటికీ అక్కడే ఉంది.

1776 మార్చిలో ఆడం స్మిత్ పుస్తకం 'ద వెల్త్ ఆఫ్ నేషన్స్' వచ్చింది. గుండుసూదుల కర్మాగారం కథ అందరికీ తెలిసిందే. పదిమంది పని పంచుకుంటే రోజుకి 48,000 సూదులు. ఎవరికి వాళ్ళు విడిగా చేసుకుంటే ఒక్కొక్కరు రోజుకి 20 కూడా చెయ్యలేరు. నాకు మాత్రం అంతకన్నా స్కాట్లండు ద్రాక్ష ఉదాహరణ ఇష్టం. అద్దాల గదులు కట్టి, వేడి పుట్టించి, స్కాట్లండులో కూడా మంచి ద్రాక్ష పండించొచ్చు, మంచి వైన్ తియ్యొచ్చు అంటాడు స్మిత్. కాకపోతే బయట కొనడానికయ్యే దానికన్నా ముప్పై రెట్లు ఖర్చు. స్కాట్లండు వైన్‌ని బతికించడం కోసం విదేశీ వైన్ మొత్తాన్నీ నిషేధిస్తే ఎలా ఉంటుంది? నవ్వొస్తుంది కదా. అక్కడితో ఆగకుండా ఇంకో అడుగు వేస్తాడు. ముప్పై రెట్లు ఎక్కువ ఖర్చు పెట్టడం ఎంత తెలివితక్కువో, ముప్పయ్యో వంతు ఎక్కువ పెట్టడమూ అలాంటిదే, ఆఖరికి మూడువందలో వంతు ఎక్కువైనా అంతే. కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించదు, అంతే తేడా. సుంకాలన్నీ బతికేది ఆ కనిపించని చోటే. ముప్పై రెట్లయితే జనం తిరగబడతారు, పది శాతమైతే అలవాటు పడిపోతారు.

ఇదే స్మిత్ రెండేళ్ళ తర్వాత, 1778లో, స్కాట్లండు కస్టమ్స్ కమిషనర్ ఉద్యోగంలో చేరాడు. సుంకాల మీద అంత పుస్తకం రాసిన మనిషి సుంకాలు వసూలు చేసే ఆఫీసులో కూర్చున్నాడన్నమాట. చేరిన వారానికి నిషిద్ధ వస్తువుల జాబితా తీసి, దాని పక్కన తన బట్టలు పెట్టి చూసుకున్నాడు. మెడకి కట్టుకునే గుడ్డలు, చేతి అంచుల కుచ్చులు, జేబురుమాళ్ళు, దాదాపు అన్నీ బ్రిటన్‌లో వాడకూడనివే! నలుగురికీ ఆదర్శంగా ఉండాలని అన్నీ కాల్చేశానని 1780లో విలియం ఈడెన్ అనే రాజకీయ నాయకుడికి ఉత్తరం రాశాడు. మీ ఇంట్లో బట్టలూ సామానూ మాత్రం తనిఖీ చేసుకోకండి, మీరూ ఇరుక్కుంటారని ఒక హెచ్చరిక కూడా పెట్టాడు. 1786లో ఫ్రాన్సుతో సుంకాలు తగ్గించుకునే ఒప్పందం కుదిర్చింది ఈ ఈడెనే. చట్టం కాగితం మీద కఠినంగా ఉండటం, దాన్ని అమలు చెయ్యాల్సిన అధికారి మెడలోనే దొంగసరుకు వేలాడటం: రక్షణ విధానాల గురించి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు ఎక్కడా దొరకలేదు.

స్మిత్‌ని వ్యాపారుల పక్షపాతి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ అధ్యాయాలు తెరిచి చూస్తే ఆయన కోపమంతా వ్యాపారుల మీదే. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళు కలిస్తే, సరదాకి కలిసినా సరే, చివరికి మాటలు జనాన్ని ముంచే కుట్రలోనో ధరలు పెంచే ఎత్తుగడలోనో తేలతాయన్నాడు. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని దుమ్మెత్తిపోశాడు. ఎక్కడబడితే అక్కడ వినిపించే 'అదృశ్య హస్తం' అన్న మాట ఆ లావు పుస్తకంలో వచ్చేది ఒక్కసారే, అదీ దిగుమతుల మీద ఆంక్షల గురించిన అధ్యాయంలో. ఆయన దృష్టిలో సుంకం అంటే పలుకుబడి ఉన్న కొద్దిమంది పార్లమెంటు చేత అందరి మీదా వేయించుకున్న పన్ను.

ఇక రికార్డో. స్టాక్ మార్కెట్లో సంపాదించి, 1799లో బాత్ పట్నంలో స్మిత్ పుస్తకం చేతికి దొరికితే చదివి, ఆర్థికశాస్త్రంలో పడ్డ మనిషి. 1817లో వచ్చిన ఆయన పుస్తకం ఏడో అధ్యాయంలో నాలుగు అంకెలున్నాయి. ఇన్నాళ్ళయినా వాటిని ఎవరూ పక్కన పెట్టలేకపోయారు. ఒక ఏడాదిలో ఇంత బట్ట తయారు చెయ్యడానికి ఇంగ్లండులో 100 మంది కావాలి. దానికి సరితూగే వైన్ తియ్యాలంటే 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే బట్టకి 90 మంది చాలు, వైన్‌కి 80 మంది చాలు. పోర్చుగల్ రెండింట్లోనూ మెరుగు. మామూలుగా ఎవరికైనా తట్టేది ఏమిటి? పోర్చుగల్‌కి ఇంగ్లండుతో పనేముంది, ఇంగ్లండు తన తలుపులు మూసుకోకపోతే మునిగిపోతుంది, అని.

లెక్క వేసి చూద్దాం. రెండు దేశాలూ విడివిడిగా రెండు సరుకులూ చేసుకుంటే ఇంగ్లండుకి 220 మంది శ్రమ, పోర్చుగల్‌కి 170 మంది శ్రమ పడుతుంది. ఇంగ్లండు బట్ట మాత్రమే రెండు వంతులు చేస్తే 200 మంది సరిపోతారు. పోర్చుగల్ వైన్ మాత్రమే రెండు వంతులు తీస్తే 160 మంది చాలు. చెరో వంతు మార్చుకుంటే ఇద్దరికీ ముందున్నంత బట్ట, ముందున్నంత వైన్. ఇంగ్లండులో 20 మంది మిగిలారు, పోర్చుగల్‌లో 10 మంది మిగిలారు. ఎవరూ ఎవరినీ దోచుకోలేదు. పోర్చుగల్ వైపు నుంచి చూడండి: తనే చేసుకుంటే 90 మందికి పట్టే బట్ట, 80 మంది తీసిన వైన్ ఇస్తే వచ్చింది. బట్ట తయారీలో తను ఇంగ్లండుని మించిపోయి ఉండి కూడా కొనుక్కోవడమే లాభమైంది. ఎందుకంటే ఆ 90 మందిని బట్టల్లో పెట్టడమంటే, వాళ్ళు తీయగలిగిన వైన్‌ని వదులుకోవడం. దీన్నే తులనాత్మక ప్రయోజనం అంటారు. అవతలివాడికన్నా మనం మెరుగా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మనం చెయ్యగలిగే పనుల్లో ఏది చేస్తే తక్కువ వదులుకుంటాం అన్నదే ప్రశ్న. ఏ పనిలోనూ ప్రపంచంలో మొదటి స్థానం రాని దేశానికి కూడా వ్యాపారంలో చోటుంటుందని, అన్నింట్లో మొదటి స్థానంలో ఉన్న దేశానికి కూడా కొనుక్కోవడం అవసరమని దీని సారం. సాంఘిక శాస్త్రాల్లో నిజమూ అయ్యుండి, చూడగానే తట్టనిదీ అయిన ప్రతిపాదన ఒక్కటి చెప్పమని గణితవేత్త ఉలాం అడిగితే, ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్‌కి చాలా ఏళ్ళ తర్వాత తట్టిన జవాబు ఇదే.

(ఇక్కడ ఒక పిడకల వేట. ఇంగ్లండు బట్ట, పోర్చుగల్ వైన్ రికార్డో గాలిలోంచి తీసిన ఉదాహరణ కాదు. 1703 నాటి మెథ్యూన్ ఒప్పందం ప్రకారం పోర్చుగల్ ఇంగ్లండు ఉన్నిబట్టల్ని రానివ్వాలి, ఇంగ్లండు పోర్చుగల్ వైన్ మీద ఫ్రెంచి వైన్ కన్నా మూడో వంతు తక్కువ సుంకం వెయ్యాలి. అంటే స్వేచ్ఛా వాణిజ్యానికి పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే మొట్టమొదటి ఉదాహరణ వెనక ఉన్నది స్వేచ్ఛా వాణిజ్యం కాదు, ఫ్రాన్సుని తొక్కిపెట్టే పక్షపాత ఒప్పందం. స్మిత్ దాన్ని అప్పుడే తప్పుపట్టాడు.)

ఆ లెక్కలో ఒక చోట నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇంగ్లండులో మిగిలిన ఆ 20 మంది ఏమయ్యారు? వాళ్ళు వేరే ఏదో పనిలో పడతారు, దాంతో దేశానికి అదనపు సంపద వస్తుందని రికార్డో ఊహ. మిగతా 100 మంది మాటేమిటి? నిన్నటిదాకా ద్రాక్ష తొక్కినవాళ్ళు ఈరోజు మగ్గం ముందు కూర్చోవాలి. కాగితం మీద అది ఒక గీత కొట్టినంత తేలిక. ఈ సంగతికి మళ్ళీ వస్తాను. దీన్ని దాటేసి స్వేచ్ఛా వాణిజ్యం గురించి మాట్లాడేవాళ్ళ మాట నమ్మకూడదని నా అభిప్రాయం.

ముందు సుంకం ఎవరు కడతారన్న సంగతి తేల్చాలి. దానికి ఇంగ్లండు ధాన్య చట్టాలను మించిన సాక్ష్యం లేదు. నెపోలియన్ యుద్ధాలు ముగుస్తున్నాయి, యూరప్ గోధుమలు మళ్ళీ చవకగా వచ్చిపడతాయని భూస్వాములకి టెన్షన్ పట్టుకుంది. 1815లో పార్లమెంటు చట్టం చేసింది: దేశంలో గోధుమల ధర క్వార్టరుకి (అప్పటి ధాన్యం కొలత) 80 షిల్లింగులకి చేరేదాకా విదేశీ గోధుమలు అమ్మకానికి రావడానికి వీల్లేదు. లండన్‌లో అల్లర్లు జరిగాయి, పార్లమెంటు చుట్టూ సైనికుల్ని కాపలా పెట్టి మరీ ఆ చట్టం నెగ్గించారు. ఆ పార్లమెంటులో కూర్చున్నది ఎక్కువగా ఎవరు? భూములున్నవాళ్ళే.

రికార్డో అదే ఏడాది రాసిన చిన్న పుస్తకంలో ఈ చట్టం ఎలా పనిచేస్తుందో విప్పి చూపించాడు. బయటి ధాన్యం రాకపోతే అంతకుముందు ఎవరూ దున్నని నాసిరకం భూమి కూడా సాగులోకి తేవాలి. అక్కడ పండించే ఖర్చు ఎక్కువ కాబట్టి ధాన్యం ధర ఆ ఖర్చుని బట్టి పెరుగుతుంది. మంచి భూమి ఉన్నవాడికి అదనంగా ఒక్క పూట పని చెయ్యకుండానే కౌలు పెరుగుతుంది. రొట్టె ధర పెరిగితే కూలీ పెంచక తప్పదు, పెంచినా కూలీవాడికి మిగిలేదేమీ ఉండదు, ఎందుకంటే ఆ పెంపు రొట్టెకే సరి. కూలీ పెరిగిన మేరకి ఫ్యాక్టరీ యజమాని లాభం తరుగుతుంది, కొత్త పెట్టుబడి మందగిస్తుంది. అంటే గోధుమల మీద అడ్డుగోడ కట్టినప్పుడు పోలండు రైతుకి తగిలిన దెబ్బ ఒక ఎత్తయితే, మాంచెస్టర్ కార్మికుడు, వాడి యజమాని కలిసి భూస్వామికి కప్పం కట్టడం ఇంకో ఎత్తు. భూస్వామి ప్రయోజనం సమాజంలో మిగతా అన్ని వర్గాల ప్రయోజనానికీ ఎప్పుడూ వ్యతిరేకమే అని రికార్డో రాసేశాడు.

విచిత్రమేమిటంటే అప్పటికే రికార్డో గాట్‌కూమ్ పార్క్ ఎస్టేటు కొనుక్కున్నాడు. తనూ భూస్వామే. ధాన్య చట్టాల్ని సమర్థించిన ఆయన స్నేహితుడు, ఆర్థికవేత్త మాల్తస్‌కి సెంటు భూమి లేదు. కౌలు వసూలు చేసుకునే రికార్డో కౌళ్ళని తక్కువ చేస్తున్నాడు, ఏనాడూ కౌలు ముఖం చూడని నన్ను మాత్రం వాటిని ఎక్కువ చేస్తున్నానంటారు కాబోలు అని మాల్తసే ఒకచోట వాపోయాడు. వాదనలన్నీ స్వార్థం నుంచే పుడతాయని నమ్మేవాళ్ళకి ఈ ఇద్దరూ కొరుకుడుపడరు.

ఆ చట్టాలు పోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. కాలికో అనే నూలుబట్టల అద్దకం వ్యాపారి రిచర్డ్ కాబ్డెన్, ఆయనతో జాన్ బ్రైట్, మాంచెస్టర్ కేంద్రంగా ఉద్యమం నడిపారు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ప్రధాని రాబర్ట్ పీల్ తన సొంత పార్టీని ఎదిరించి 1846లో రద్దు బిల్లు తెచ్చాడు. ఆయన పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతులమంది ఆయనకి వ్యతిరేకంగా ఓటేశారు. జూన్ 25 రాత్రి ప్రభువుల సభలో రద్దు బిల్లు నెగ్గింది. అదే రాత్రి కామన్స్ సభలో ఐర్లండుకి సంబంధించిన ఇంకో బిల్లు మీద పీల్ ప్రభుత్వం ఓడిపోయింది.

ఈ కథని స్వేచ్ఛా వాణిజ్యవాదులు ఇక్కడ ముగించి చప్పట్లు కొడతారు. ఐర్లండులో కరువు అక్కడితో ఆగలేదు. దాదాపు పది లక్షలమంది చనిపోయారు, ఆ ఏళ్ళలోనే ఐర్లండు నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. మార్కెట్టు సరుకుని డబ్బున్నవాడి దగ్గరికి చేరుస్తుంది. పంట పోయి చేతిలో చిల్లిగవ్వ లేనివాడి దగ్గరికి అది చేరాలంటే మధ్యలో ఎవరో డబ్బు పెట్టాలి. పెట్టాల్సిన ప్రభుత్వం మార్కెట్టు పేరు చెప్పి చేతులు కట్టుకు కూర్చుంది. దిగుమతి సుంకం తీసెయ్యడం వేరు, ఆకలితో ఉన్నవాడిని వదిలెయ్యడం వేరు. ఈ రెండూ ఒకే సిద్ధాంతమని నమ్మిన పెద్దమనుషులు స్వేచ్ఛా వాణిజ్యానికి తెచ్చిన చెడ్డపేరు దాని శత్రువులెవరూ తేలేదు.

ఇవన్నీ పాత కథలు అనేవాళ్ళకి కొత్తది ఒకటి చెప్తాను. 2018 మొదట్లో అమెరికా దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది: మొదటి ఏడాది మొదటి 12 లక్షల మెషీన్ల మీద 20 శాతం, ఆపైన వచ్చేవాటి మీద 50 శాతం. తర్వాత ఏమైందో ఫెడరల్ రిజర్వు, షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు లెక్క తీశారు. వాషింగ్ మెషీన్ల ధర సుమారు 12 శాతం పెరిగింది. దిగుమతి చేసుకునేవాళ్ళే కాదు, అమెరికాలో తయారుచేసే కంపెనీలు కూడా ధర పెంచేశాయి. పోటీ తగ్గాక పెంచకుండా ఎందుకుంటాయి? అసలు చూడాల్సింది డ్రయ్యర్ల సంగతి. బట్టలారబెట్టే ఆ యంత్రాల మీద సుంకమే లేదు. అయినా వాటి ధరా దాదాపు అంతే పెరిగింది. అక్కడ జనం రెండూ జతగా కొంటారు కాబట్టి, దుకాణాలు పెంపుని రెండింటి మీదా సర్దేశాయి. సుంకం ఉత్తర్వులో పేరు కూడా లేని వస్తువు మీద జనం పన్ను కట్టారు!

ఆ లెక్క ప్రకారం కొనుగోలుదారుల మీద పడ్డ భారం ఏడాదికి సుమారు 150 కోట్ల డాలర్లు. ఖజానాకి సుంకంగా వచ్చింది 8.2 కోట్ల డాలర్లు. కొత్తగా వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800. ఖజానాకి వచ్చింది తీసేసి భాగిస్తే, ఒక్కో ఉద్యోగానికి జనం ఏడాదికి పెట్టిన ఖర్చు దాదాపు 8,15,000 డాలర్లు. అందులో ఆ కార్మికుడి చేతికి వచ్చింది ఎంతని? ఈ డబ్బు ప్రభుత్వం పన్నుగా వసూలు చేసి, 1,800 మందికి బడ్జెట్లో పెట్టి ఇస్తానంటే ఏ చట్టసభా ఒప్పుకోదు. సుంకం రూపంలో అయితే ఒప్పుకుంటుంది, ఎందుకంటే బిల్లు మీద ఆ ముక్క రాసి ఉండదు.

దిగుమతి సుంకం ఎగుమతిదారు మెడకి కూడా చుట్టుకుంటుంది. విదేశీయుడు మనకి సరుకు అమ్మేది మన కరెన్సీ నోట్లు చూసి మురిసిపోడానికి కాదు, వాటితో మన దగ్గర ఏదో ఒకటి కొనడానికి. వాడి అమ్మకానికి అడ్డుపడితే ఇవాళ కాకపోతే రేపు వాడి కొనుగోలూ తగ్గుతుంది. దిగుమతుల మీద పన్ను ఎగుమతుల మీద పన్నుతో సమానమని 1936లో అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త సిద్ధాంతంగా రుజువు చేశాడు. ఉక్కు మీద సుంకం వేస్తే ఉక్కుతో కార్లు చేసి విదేశాలకి అమ్మేవాడు దెబ్బతినడం ఇందులో మొదటి మెట్టు మాత్రమే.

ఇప్పుడు అవతలి పక్షం. వాళ్ళ దగ్గరా గట్టి వాదనలున్నాయి. 1841లో జర్మన్ ఆర్థికవేత్త ఫ్రెడ్రిక్ లిస్ట్ అన్నది అందరికన్నా ఘాటుగా ఉంటుంది: మేడ ఎక్కిన తర్వాత నిచ్చెన తన్నేసి, మిగతావాళ్ళకి నిచ్చెనలు మంచివి కావని నీతులు చెప్తున్నారు ఆంగ్లేయులు. ఇందులో నిజం లేకపోలేదు. 1721 నాటి చట్టంతో ఇంగ్లండు అద్దకపు నూలుబట్టల వాడకాన్నే నిషేధించి తన నేత పరిశ్రమని కాపాడుకుంది. ఆ తర్వాత, తను గెలిచాక, స్వేచ్ఛా వాణిజ్యాన్ని వలసల నెత్తిన రుద్దింది. 1896లో భారతదేశంలోకి వచ్చే బట్టల మీద 3.5 శాతం సుంకం వేసి, లాంకషైర్ మిల్లులకి నొప్పి తగలకుండా భారతదేశపు మిల్లుబట్టల మీద కూడా సరిగ్గా అంతే ఎక్సైజు సుంకం వేసింది. అది దాదాపు మూడు దశాబ్దాలు నడిచింది. ఒకడి మిల్లుల కోసం ఇంకొకడి మిల్లుల మీద పన్ను వెయ్యడం ఏ స్మిత్ పుస్తకంలోనూ లేదు. దాని సరైన పేరు దౌర్జన్యం. ఎవరితో ఏ షరతుల మీద వ్యాపారం చెయ్యాలో ఎంచుకునే హక్కు లేనిచోట స్వేచ్ఛ అనే మాటకి అర్థం లేదు.

కానీ లిస్ట్ చెప్పిన మందు సంగతి వేరు. పసి పరిశ్రమని కొన్నాళ్ళు గోడ చాటున పెంచాలన్న వాదాన్ని మిల్ కూడా 1848లో కొన్ని షరతులతో ఒప్పుకున్నాడు. చిక్కల్లా ఏ పసివాడు పెద్దవాడవుతాడో ముందే ఎవరు చెప్పాలి అన్నదే. గోడ చాటున ఉన్నవాడు తనంతట తను 'నేను పెద్దవాణ్ణయ్యాను, గోడ తీసెయ్యండి' అని చెప్పిన దాఖలా నేను వినలేదు. దక్షిణ కొరియాని ఎప్పుడూ ఎదురు ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ ప్రభుత్వం చవక రుణాలు, రక్షణ ఇచ్చిన మాట నిజం, దానికి బదులు ఎగుమతుల లక్ష్యాలు పెట్టి నిలదీసిందన్నదీ అంతే నిజం. లోపల గోడ ఉన్నా బయట ప్రపంచ మార్కెట్టులో పరీక్ష రాయక తప్పలేదు. ఆ రెండో సగం లేకుండా మొదటి సగాన్నే కాపీ కొట్టిన దేశాలు చాలా ఉన్నాయి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే వాదన మాత్రం ఇందాకటి ఆ వైన్ పనివాళ్ళది. స్మిత్ దీని గురించి ఆలోచించాడు. దిగుమతులు పెరిగితే పని పోయినవాళ్ళు ఏమవుతారన్నదానికి ఆయన సైనికుల్ని చూపించాడు: యుద్ధం అయిపోయాక లక్షమందికి పైగా సైనికులు, నావికులు ఒక్కసారి ఇళ్ళకి వచ్చారు, మెల్లగా ఏదో ఒక పనిలో కలిసిపోయారు, దేశం తలకిందులు కాలేదు అని. అయినా సుంకాలు ఒక్క వేటుతో కాక మెల్లమెల్లగా, జాగ్రత్తగా తియ్యాలన్నాడు, అది మానవత్వం అన్నాడు. ఎవరూ ప్రస్తావించని ఇంకో మాట కూడా అక్కడే ఉంది. పనివాడు ఒక వృత్తి నుంచి ఇంకో వృత్తికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోనివ్వని చట్టాలు ముందు తియ్యాలన్నాడు. వృత్తి సంఘాల గుత్తాధికారం, అప్రెంటిస్ చట్టం, పేదవాణ్ణి వాడి ఊరికే కట్టిపడేసే నివాస చట్టం, అన్నీ పోవాలన్నాడు. సరుకుకి స్వేచ్ఛ ఇచ్చి మనిషికి ఇవ్వకపోతే లెక్క కుదరదని ఆయనకి తెలుసు.

ఆ సైనికుల ఉదాహరణ అన్నిచోట్లా పనిచెయ్యదని మనం కళ్ళారా చూశాం. చైనా 2001 డిసెంబర్లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 1999 నుంచి 2011 వరకు చైనా దిగుమతుల పోటీ వల్ల అమెరికాలో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని ఒక అంచనా. ఆ సంఖ్య పెద్ద దేశానికి మరీ పెద్దది కాదు. కానీ ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహచరుల పరిశోధనలో బయటపడ్డ అసలు సంగతి వేరు. దెబ్బ కొన్ని ప్రాంతాల మీదే పడింది, అక్కడివాళ్ళు వేరే చోటికి పెద్దగా కదల్లేదు, పదేళ్ళు దాటినా జీతాలు, ఉపాధి కోలుకోలేదు. ఇల్లు అమ్మబోతే కొనేవాడుండడు, ఎందుకంటే ఊరంతటికీ అదే గతి. యాభై ఏళ్ళు వచ్చాక కొత్త వృత్తి నేర్చుకోమని చెప్పడం చెప్పేవాళ్ళకి సులువు. రికార్డో కూడా తన పుస్తకం మూడో కూర్పులో, 1821లో, యంత్రాల మీద కొత్త అధ్యాయం చేర్చి, యంత్రాలొస్తే కార్మికులకి నష్టం జరుగుతుందన్న భయం వట్టి భ్రమ కాదని ఒప్పుకున్నాడు. దేశానికి మొత్తం మీద లాభం అన్నంత మాత్రాన అందులో అందరికీ వాటా ఉన్నట్టు కాదని దిగుమతుల విషయంలోనూ అంతే స్పష్టంగా చెప్పుకోవాలి.

గెలిచినవాళ్ళకి వచ్చే లాభం ఓడినవాళ్ళ నష్టం కన్నా ఎక్కువ కాబట్టి, నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇచ్చినా ఇంకా మిగులుతుందని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. ఇవ్వగలరు అన్నది సిద్ధాంతం. ఇచ్చారా అన్నది చరిత్ర. అమెరికా 1962లో కెనడీ హయాంలో వాణిజ్యం వల్ల పని పోయినవాళ్ళకి సాయం చేసే పథకం పెట్టింది. 2022 జూలైలో దాని గడువు ముగిసింది, కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆగిపోయింది, పొడిగించే తీరిక ఎవరికీ దొరకలేదు. అదే కాలంలో సుంకాల మీద మాత్రం అన్ని పార్టీలకీ ప్రేమ పెరిగింది. సాయం పథకానికి బడ్జెట్లో డబ్బు కనిపించాలి, సుంకానికి అక్కర్లేదు.

అందుకే నా పేచీ రక్షణ ఇవ్వడంతో కన్నా, దాన్ని దాచిపెట్టి ఇవ్వడంతో ఎక్కువ. దేశరక్షణ కోసం ఏదో ఒక పరిశ్రమని నిలబెట్టుకోవాలంటే స్మిత్‌కే అభ్యంతరం లేదు. సంపద కన్నా రక్షణ ముఖ్యమని, సరుకు రవాణాలో సొంత ఓడలకి పెద్దపీట వేసిన బ్రిటిష్ నౌకాయాన చట్టాల్ని సమర్థించాడు. ఒక ప్రాంతాన్ని ఆదుకోవాలంటే నాకూ అభ్యంతరం లేదు. ఆ డబ్బు సుంకంలో కాకుండా సబ్సిడీగా బడ్జెట్లో కనిపించాలి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నది రాసి ఉండాలి, ఏటా చట్టసభలో దాని మీద ఓటు పడాలి. సుంకమే వెయ్యక తప్పదంటే ప్రతి సుంకానికీ ముగింపు తేదీ ఉండాలి, ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు ఎంత పెడుతున్నారో ప్రభుత్వమే ఏడాదికోసారి లెక్క ప్రకటించాలి. వాషింగ్ మెషీన్ల సుంకం 2018లో వేసేటప్పుడే ఆ 8,15,000 డాలర్ల అంచనా సభ్యుల ముందు పెట్టి చేతులెత్తమని అడిగుంటే, ఎంతమంది ఎత్తేవాళ్ళో నాకు చూడాలనుంది.